ఆళ్లగడ్డ నుంచి ఒక ఓడ

మా వంశంలో మగవాళ్లందరూ రాళ్లు చెక్కినవాళ్లే. నేనొక్కడినే నీళ్ల మీదికి పోయాను. ఆళ్లగడ్డలో పుట్టినవాడికి సముద్రం ఎటు చూసినా దూరమే. అయినా ఇంటర్ అయిన ఏడాది నంద్యాలలో చదివే స్నేహితుడు నౌకాదళం పరీక్షకు పోతుంటే తోడుగా పోయి, వాడు తప్పగా నేను ప్యాసయ్యాను. "కుందూలో మోకాలి లోతు దిగేదానికి భయపడేటోడివి, సముద్రంలో ఏం జేస్తావప్పా?" అని నాయన నవ్వాడు గాని, వద్దనలేదు. ఉలి పట్టడానికి అన్న ఉన్నాడు. నా చేతిలో వినాయకుడికి తొండం ఎప్పుడూ వంకరగానే వచ్చేది కాబట్టి ఇంట్లో ఎవరికీ పెద్ద నష్టమేమీ లేదు.

నౌకలో నా పని సోనార్ మీద. అంటే నీళ్ల కింద చప్పుళ్లు వినే యంత్రం ముందు చెవులకు ఫోన్లు తగిలించుకుని కూర్చుని, ఇది అలల రొద, ఇది చేపల గుంపు, ఇది మాత్రం జలాంతర్గామి అని తేల్చి చెప్పడం. మా వదిన దీన్ని ఊళ్లో వాళ్లకు ఒక్క ముక్కలో చెప్పేసేది: "మా మరిది సముద్రానికి చెవి పెట్టి వింటాడు."

నా ఉద్యోగం చివరి ఏళ్లలో మా నౌకకు ఒక పెద్ద ప్రయాణం పడింది. ఎన్నో రేవులు తిరిగి, ఆఖరుకు ఉత్తరాన ఒక చిన్న చలిదేశానికి పోవాలి. ఆ దేశం పేరు రాయను. ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు, ఇంకా వదల్లేదు. వాళ్ల నౌకాదళం చిన్నది, కాని యంత్రాల తెలివిలో పెద్ద పెద్దవాళ్లు కూడా పోయి చూసి వచ్చేంత గొప్పది. వాళ్లతో కలిసి ఒక రోజు విన్యాసాలు చేసి, వాళ్ల నౌకకు ఒక జ్ఞాపిక ఇవ్వాలి. మామూలుగా అయితే చెక్క పలక మీద ఇత్తడి ముద్ర బిగించి ఇచ్చేస్తాం. మా కెప్టెన్‌కు ఆ పలకలంటే విసుగు. ఎవరో నన్ను చూపించి, "ఈయనది శిల్పుల ఊరు సార్" అన్నారు.

"మీ ఇంట్లో ఎవరైనా రాతిలో ఓడను చెక్కగలరా? మన ఓడ కాదు, వాళ్ల ఓడ" అని కెప్టెన్ అడిగాడు.

"మా అన్న చెక్కుతాడు సార్" అనేశాను. అన్నను అడగనైనా లేదు.

సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. అన్న షెడ్డు రోడ్డు పక్కనే ఉంటుంది. ముందు వరసలో ఆంజనేయస్వాములు, వాళ్ల వెనక ఇంకా ముఖం తేలని నాయకుల విగ్రహాలు, ఒక మూల నందులు. ఇప్పుడు సగం పని గ్రైండరుతోనే గనక మనిషి పిలిస్తే వినపడదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కనుబొమల మీద తెల్లటి దుమ్ముతో అన్న నంది వీపు మీద వంగి ఉన్నాడు. మిషను ఆపేదాకా ఆగి, ఫోనులో ఆ చలిదేశపు ఓడ ఫోటోలు చూపించాను.

అన్న ఫోనును దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది ఓడనా? ఇస్త్రీ పెట్టె మాదిరి ఉండాది."

నిజమే. ఆ ఓడకు అన్నీ వాలు గోడలే. కిటికీ అంచులు కూడా గోడలో కలిసిపోయి ఉంటాయి. పైన కడ్డీలు, తాళ్లు, గొట్టాలు ఏమీ కనపడవు. బూడిద రంగు పలకలను ఎవరో మడిచి అతికించినట్టుంటుంది.

"చెక్కుతావా అన్నా?"

"ఇది ఏం పని జేస్తాదో చెప్పు ముందు. స్వామిని చెక్కల్లంటే ఏ చేతిలో ఏముండల్లో, ఎందుకుండల్లో శ్లోకంలోనే చెప్పింటారు. దీనికి శ్లోకం యాడుంది? నువ్వే చెప్పల్ల."

ఆ సాయంత్రం వదిన వసారాలో చెనిక్కాయలు ఒలుస్తూ ఉంటే, ఆ చాట లాక్కుని నేను పాఠం మొదలుపెట్టాను. ఒలవని కాయలను నేల మీద గుమ్మరించి, ఇవన్నీ దీవులన్నాను. ఆ దేశం ఒడ్డు మన ఒడ్డులా గీత గీసినట్టు ఉండదు. లెక్కలేనన్ని రాతి దీవులు చెదిరిపడి ఉంటాయి. కొన్నింటి మీద ఊళ్లు, కొన్నింటి మీద ఒక్క ఇల్లు, చాలావాటి మీద ఒట్టి బండ. వాటి మధ్య సముద్రం సందుల్లా, గొందుల్లా పారుతుంది. చలికాలంలో ఆ సందులు గడ్డ కడతాయి.

తర్వాత నాలుగు చింతగింజలు తీసుకుని కాయల మధ్య అక్కడక్కడా పెట్టాను.

"ఇవి ఓడలు."

"ఇంతేనా?" అన్నాడు అన్న.

"ఇట్లాంటి ఓడలు పిడికెడే. ఇంతకన్నా తక్కువ జలాంతర్గాములు. మందుపాతరలు వెతికే ఓడలు కొన్ని. ఇంక దీవుల సందుల్లో సిపాయిలను మోసుకుపోయే వేగం పడవలు మాత్రం బాగానే ఉన్నాయి."

"మరి పెద్ద దేశం మీదికొస్తే?"

"అందుకే అన్నా ఈ తెలివంతా. వాళ్ల నౌకాదళం లోకం చుట్టి వచ్చేది కాదు. వాకిట్లో కూర్చుని కాపలా కాసేది. సరుకుల ఓడలన్నీ వాళ్ల వాకిలి ముందు నుంచే పోవాలి. నీళ్ల అడుగున కరెంటు తీగలు, ఫోను తీగలు పరిచి ఉంటాయి. పాత యుద్ధాల్లో పారేసిన మందుపాతరలు ఇంకా అడుగున పడి ఉంటాయి. ఎవడో పరాయివాడి జలాంతర్గామి చప్పుడు లేకుండా సందులోకి దూరితే కనిపెట్టాలి. ఇవన్నీ చూసుకోవాలంటే మనుషులు చాలరు. కాబట్టి మనిషి చేసే పని యంత్రానికి ఇచ్చారు. మనుషులు లేకుండా తిరిగే పడవలు కూడా ఉన్నాయి. మందుపాతర ఉందని అనుమానం వస్తే మనిషి దిగడు. తాడు కట్టిన ఒక చిన్న యంత్రం దిగి, కెమెరా పెట్టి చూసి వస్తుంది."

వదిన ఒలవడం ఆపింది. "మనుషుల్లేని పడవలు గూడా ఉండాయంటివే. వాటికి అన్నమెవురు వండుతారు?"

"మనుషులే లేకపోతే అన్నమెందుకు వదినా?"

"అదీ నిజమే. మంచి పడవలప్పా అవి" అంది వదిన, మళ్లీ కాయ అందుకుంటూ.

ఆ ఓడ ఇనుముతో చేసింది కాదని చెప్పినప్పుడు ఇద్దరూ నమ్మలేదు. సన్నటి నల్లటి నారను గుడ్డలా నేసి, పొరలు పొరలుగా పరిచి, జిగురు పోసి బిగిస్తారని చెప్పాను. ఇనుము ఎక్కువ ఉంటే మందుపాతర పసిగడుతుంది. నార అయితే అంత సులువుగా పసిగట్టదు, పైగా తేలిక.

"అంటే గంజి పెట్టిన బట్టతో చేసిన ఓడ" అంది వదిన. అంతకంటే బాగా నేను ఇప్పటికీ చెప్పలేను.

వాలు గోడల సంగతీ చెప్పాను. రాడార్ అంటే మనం విసిరిన కిరణం తగిలి తిరిగి వస్తేనే కనపడడం. గోడ ఏటవాలుగా ఉంటే కిరణం మన దగ్గరికి రాకుండా పక్కకు జారిపోతుంది. ఫిరంగి గొట్టం కూడా బయట ఉంటే కిరణం దానికి తగులుతుందని, అవసరం లేనప్పుడు దాన్ని మూత లోపలికి మడిచేస్తారు.

అన్న తొడ చరుచుకున్నాడు. "ఆయుధం చేతిలో లేకుండా కడుపులో దాపెట్టుకున్న దేవుణ్ణి నేను యాడా చూడలేదప్పా!"

ఒప్పుకున్నాడు. రెండో రోజు నుంచే పనిలో పడ్డాడు. షెడ్డులోకి నన్ను రానివ్వలేదు. నేను నంద్యాల పోయి పాత స్నేహితులను చూసుకుంటూ, రుద్రవరంలో అక్క ఇంట్లో రెండు పూటలు తింటూ కాలం గడిపాను. ఒక రోజు అన్నే ఫోన్ చేసి రమ్మన్నాడు. తడిగుడ్డ కప్పి ఉంచిన బొమ్మ మీద నుంచి గుడ్డ తీశాడు.

ఎంత అందంగా ఉందో! మూరెడు పొడవు నల్లరాయి, అద్దంలా మెరుస్తోంది. ఓడ ముక్కు మీద, గుడి స్తంభాల మీద ఉండే మాదిరి, కోరలు తెరిచిన యాళి ముఖం. అడుగున తామర రేకులు, వాటి కింద చుట్టలు చుట్టిన అలలు. గోడల అంచుల వెంబడి ముత్యాల సరం. పైన గోపురంలాంటి భాగానికి చిన్న కలశం కూడా పెట్టాడు.

వంగి, ముత్యాల సరాన్ని వేలితో తడిమాను. అన్న నా ముఖమే చూస్తున్నాడు.

"అన్నా, చానా బాగుండాది. కానీ ఇది ఆ ఓడ కాదు."

"అదే గదా! కొలతలన్నీ నువ్వు చెప్పినట్టే ఉండాయి."

"కొలతలు సరే. ఈ నగిషీ ఒక్కటి కూడా ఉండకూడదు. దాని బలమంతా నున్నటి గోడలోనే ఉంది. యాళి పెడితే రాడార్‌కి మొదట కనపడేది యాళే."

అన్నకు కోపం వచ్చింది. నా మీద కాదు, ఓడ మీద వచ్చింది. "ఒట్టి గోడల్ని చెక్కేదానికి నేనెందుకు? మిషను కోసిచ్చే పలకలు తెచ్చి అతికిచ్చుకోపో. నలభై ఏండ్లుగా పది మందికీ కనపడేదానికి చెక్కతాండా. కనపడకుండా ఉండేదాన్ని చెక్కమంటే ఎట్ల చెక్కాల? ఏం చూపిచ్చాల?"

నాకూ ఉడుకెక్కింది. "ఏమీ చూపించొద్దు! ఆ సముద్రం నిండా రాళ్లే. ఆ రాళ్ల పక్కన నిలబడితే, చూసినోడు ఇది కూడా ఒక రాయే అనుకోవాలి. అదీ దాని పని!"

అన్న యాళి ఓడ మీద మళ్లీ తడిగుడ్డ కప్పాడు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా షెడ్డు వెనకకు పోయాడు. అక్కడ పనికిరావని పక్కన పడేసిన రాళ్ల కుప్ప ఉంటుంది. చాలాసేపు రాలేదు. కోపంతో పోయాడనుకుని నేను నందుల పక్కన కూర్చున్నాను. చివరికి చూస్తే, ఇద్దరు పనివాళ్లతో ఒక ముక్క దొర్లించుకుంటూ వచ్చాడు. ఒక పక్క రంపంతో కోసిన నునుపు, ఇంకో పక్క కొండ నుంచి ఊడి వచ్చినప్పటి గరుకు.

"ఇదీ నీ ఓడ" అన్నాడు. "ఈడ కూర్చో. బేగా అయిపోతాది."

యాళి ఓడ ఊరికే పోలేదు. దుకాణానికి నంది కోసం వచ్చిన సంజామల రైతు ఒకాయన దాన్ని చూసి, నందిని మరిచిపోయి ఓడనే ఎత్తుకుపోయాడు. కొత్త ఇంటి గేటు మీద బిగించుకున్నాడట. సంజామలలో ఇప్పటికీ గేటు మీద ఓడ ఉన్న ఇల్లు అంటే ఎవరైనా చూపిస్తారు.

రెండో బొమ్మకు అన్న గ్రైండరు చాలా తక్కువ వాడాడు. ఈసారి నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క గోడ వాలు అడిగి అడిగి చెక్కాడు. అయ్యాక చూస్తే, గరుకు పక్క నుంచి అది ఒట్టి బండ. కొండ పెళ్ల. కొంచెం పక్కకు జరిగితే బండలో ఎక్కడో ఒక గీత తిన్నగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంకొంచెం జరిగితే ఆ గీత గోడ అవుతుంది. చుట్టూ తిరిగి వచ్చేసరికి ఓడ మొత్తం బండలోంచి ముక్కు బయటికి పెట్టి నిలబడి ఉంటుంది. ఫిరంగి లేదు, మూత ఉన్న చోట వెంట్రుకంత గీటు మాత్రం గీశాడు. నేను దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. అన్న బీడీ ముట్టించి, నేను తిరగడాన్ని చూస్తూ నవ్వుకున్నాడు.

దాన్ని నంద్యాల చేర్చడమే ఒక యాత్ర. చెక్కపెట్టెలో వరిగడ్డి కూరి, ఓడను దింపి, మేకులు కొట్టాం. ఆళ్లగడ్డ బస్టాండులో నేనూ అన్నా చెరొక పక్క పట్టుకుని బస్సు ఎక్కిస్తుంటే కండక్టర్ ఆపాడు.

"పెట్టెలో ఏముండాదన్నా?"

"ఓడ" అన్నాడు అన్న.

కండక్టర్ ఒక్క క్షణం ఆలోచించి, "ఓడకి లగేజీ టికెట్టు కొట్టల్ల" అన్నాడు. కొట్టాడు కూడా. దారి పొడుగునా బస్సులో వాళ్లు పెట్టె తెరిచి చూపించమని ఒకటే గోల. నంద్యాల బస్టాండులో ఆటో ఎక్కిస్తే, ఆటో నడిపే భాయ్ బరువుకు మూలిగి, "ఏందన్నా, ఇనుమా బంగారమా?" అన్నాడు. మళ్లీ అదే జవాబు. "నంద్యాలకు ఓడొచ్చిందంటే ఇంక సముద్రం వచ్చేదొకటే బాకీ" అని స్టేషను దాకా నవ్వుతూనే ఉన్నాడు.

స్టేషనులో రైల్వే పోలీసు ఊరుకోలేదు. పెట్టె తెరవమన్నాడు. మేకులు పీకి, గడ్డి తప్పించి చూపిస్తే ఆయన ముఖం చిట్లించాడు.

"ఓడంటివి. ఇది రాయి గదయ్యా!"

అన్న ముఖం వెలిగిపోయింది. ఆయన మోచేయి పట్టుకుని, "అట్లనా సార్? రవ్వంత ఈ పక్కకి రాండి" అని పెట్టె చుట్టూ తిప్పాడు. సగం తిరిగేసరికి పోలీసు "ఓరి నీ..." అని నోరు మూసుకుని, అవతల ప్లాట్‌ఫారం మీదున్న తోటి పోలీసును చేయి ఊపి పిలిచాడు. ఆయననూ మొదట గరుకు పక్కనే నిలబెట్టి, తనే తిప్పి చూపించాడు. ఆ తర్వాత టీ అమ్మేవాళ్లు, కూలీలు, ప్రయాణికులు. బండి వచ్చేసరికి ఓడను ఎక్కించడానికి నేను చేయి వేయాల్సిన పనే లేకపోయింది.

ఆ చలిదేశానికి మేము చేరింది వాళ్ల ఎండాకాలంలో. ఎండాకాలం అంటే మన పుష్యమాసపు చలి. విన్యాసాల రోజు పొద్దున ఆట ఏమిటంటే, వాళ్ల ఓడ దీవుల మధ్య దాక్కోవాలి, మేము వెతికి పట్టుకోవాలి. మా రాడార్ కుర్రవాడికి తెర మీద కనపడేవన్నీ దీవులే. సోనార్‌లో నాకు వినపడేది రాళ్లకు తగిలి తిరిగి వచ్చే మా ఓడ చప్పుడే. నా వంతు అయిపోయి పైకి వచ్చి, కమ్మీ పట్టుకుని ఆ బండలను చూస్తూ నిలబడ్డాను. తడిసిన ఏనుగుల్లా, నిద్రపోయే గేదెల్లా ఎన్ని బండలో. అన్న ఉంటే ఒక్కొక్కదాన్నీ తట్టి చూసేవాడు కదా అనుకుంటున్నాను.

వాటిలో ఒక బండ కదిలింది.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. కదులుతూనే ఉంది. నేను కేక వేసేలోపే రేడియోలో ఒక ఆడగొంతు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా పలికింది. "శుభోదయం. మీరు చాలాసేపటి నుంచి మా ఎదురుగానే ఉన్నారు. కాఫీ తాగే వేళ అయింది కనుక బయటికి వస్తున్నాం."

మా కెప్టెన్ మొదట ఎర్రబడ్డాడు, తర్వాత అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ గొంతు ఆ ఓడ కమాండర్‌ది. రేవులో కలిసినప్పుడు చూస్తే, చాలా పొడుగు మనిషి, జుట్టు బిగించి ముడి వేసుకుని, నవ్వినప్పుడు మాత్రం స్కూలు పిల్లలా ఉంది. తన ఓడంతా తనే తిప్పి చూపించింది. మా నౌకలో నలుగురం కూర్చుని చేసే పనిని అక్కడ ఒక్కడు తెర ముందు కూర్చుని చేస్తున్నాడు. అందరికీ కలిపి ఒక్కడే వంటవాడు. కమాండర్ తిన్న పళ్లేన్ని కమాండరే కడిగి పెట్టింది. అది చూసి మా కెప్టెన్ కూడా తన పళ్లెం ఎత్తుకున్నాడు, ఎక్కడ కడగాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

జ్ఞాపిక ఇచ్చే సమయం వచ్చింది. కంగారులో పెట్టెలోంచి తీసి బల్ల మీద తిప్పి పెట్టాను. రాయి పక్క వాళ్ల వైపుకు వచ్చింది. కమాండర్ తల ఊపి, "మీ దేశపు రాయి... చాలా బాగుంది" అంది. మా కెప్టెన్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

"అమ్మా, దయచేసి ఇటు నడిచి రండి" అన్నాను.

ఆమె నడిచింది. రెండడుగులు వేసి ఆగింది. వంగింది. ఇంకొక అడుగు వేసి, మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు రాయికి సమంగా పెట్టి చూసింది. తర్వాత వాళ్ల భాషలో ఒక్క కేక వేసింది. ఓడలో ఉన్నవాళ్లందరూ పరుగెత్తుకుని వచ్చారు. కొద్దిమందే కనుక అందరూ ఆ గదిలో పట్టారు. ఒకరి తర్వాత ఒకరు బల్ల చుట్టూ ప్రదక్షిణం చేశారు. ఫిరంగి మూత గీటు మీద ఆమె వేలు పెట్టి, "ఇది కూడా ఆయనకు తెలుసా?" అంది. చెనిక్కాయలూ చింతగింజలూ పెట్టి చెప్పానంటే అర్థం కాదని, తెలుసన్నాను. దాన్ని వాళ్లు భోజనాల గదిలో, కాఫీ మిషను పక్కన బిగించుకున్నారు. అందరూ రోజూ చూసే చోటు అదేనట.

తిరిగి వచ్చాక ఇదంతా పూస గుచ్చినట్టు చెబితే, అన్న ఒక్కటే అడిగాడు. "మొదట ఏ పక్క చూసింది?"

"రాయి పక్క."

"అట్లైతే సరే" అని, ఆంజనేయుడి తోక మీదికి వంగాడు.

ఆ తర్వాత నేను రిటైరై నంద్యాలలో ఇల్లు తీసుకున్నాను. అప్పుడప్పుడు ఆమె నుంచి పండగ శుభాకాంక్షలు ఫోనుకు వచ్చేవి. ఒక చలికాలంలో మాత్రం వేరే మాట వచ్చింది. మన తూర్పు తీరంలో ఎన్నో దేశాల నౌకాదళాలు కలుసుకునే సమావేశానికి వస్తోందట. అది అయ్యాక రెండు రోజులు తీరిక ఉందట. "రాయి చెక్కినాయన్ను చూడాలి" అని రాసింది.

నంద్యాల స్టేషనులో పొద్దున్నే దిగింది, వీపుకు ఒక సంచి, తలకు టోపీ. కారు మాట్లాడతానంటే వద్దంది, అందరూ పోయే బస్సులోనే పోదామంది. బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బజ్జీ కొరికాక గ్లాసు నీళ్లు ఒక్క గుక్కలో తాగింది. కళ్లు తుడుచుకుని, "దీని గురించి మీ నౌకాదళం మాకు ముందే చెప్పాల్సింది" అంది. ఇంకొకటి తీసుకుంది.

ఆళ్లగడ్డలో వదిన పొద్దుటి నుంచి కొత్త చీర కట్టుకుని, ఇల్లు రెండుసార్లు ఊడ్చి ఎదురుచూస్తోంది. ఆమెను చూడగానే తల ఎత్తి, "ఎంత పొడుగుండాది తల్లీ!" అని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టి ఎదురుగా కూర్చుంది. నేను మధ్యలో మాటలు మోసేవాణ్ణి.

"అడుగప్పా, ఓడలో మొగోళ్లు ఈమె మాట ఇంటారా అని."

అడిగాను. ఆమె ముద్ద మింగి జవాబు చెప్పింది. "వింటారు. చిన్న ఓడ కదా, ఎవరి మాటా వినకుండా దాక్కోవడానికి చోటు లేదు."

వదిన ఎంత నవ్వింది! తర్వాత అన్న అడిగాడు, ఆ ఓడ ఇప్పుడు ఎట్లా ఉందని. మరమ్మతులకు రేవులో పెట్టారని, పైనుంచి వచ్చే విమానాలను కొట్టే ఆయుధాలు కొత్తగా అమరుస్తున్నారని చెప్పింది. ఓడ ఖాళీ చేసేటప్పుడు మనుషులు తమ సంచులకంటే ముందు రాతి ఓడను దింపి, ఒడ్డు మీద ఆఫీసులో పెట్టారట. ఆమెకు ఇప్పుడు పై ఉద్యోగం వచ్చింది, వేరేవాళ్లు ఆ ఓడకు కమాండర్. "రాయిని నాతో తీసుకుపోతానంటే వాళ్లు ఒప్పుకోలేదు" అంది, కొంచెం ఉక్రోషంగానే.

"అంత తక్కువ మందితో ఓడ ఎట్ల నడిపిస్తారో అడుగు" అన్నాడు అన్న.

"ప్రతి ఒక్కరికీ పక్కవాడి పని వచ్చి ఉండాలి" అందామె. "నిప్పు అంటుకుంటే మా వంటవాడే మొదట గొట్టం పట్టుకునేది. నాకు వంట వచ్చు, బాగా కాదు గాని వచ్చు."

షెడ్డులోకి పోయాక అన్న ఆమె చేతికి ఉలీ సుత్తీ ఇచ్చి, ఒక పనికిరాని ముక్క ముందు పెట్టాడు. ఆమె నాలుక బయటపెట్టి, ఒళ్లు దగ్గర పెట్టుకుని కొట్టింది. రెండో దెబ్బ బొటనవేలి మీద పడింది. అరిచి, నవ్వి, మళ్లీ కొట్టింది. అప్పటికి షెడ్డు ముందు చిన్న తిరునాళ్లంత జనం చేరారు.

వదిన ఆ జనంలో ముందే నిలబడి ఉంది. ఉన్నట్టుండి కొంగు నడుముకు దోపుకుంది.

"ఇట్లియ్యి" అంది అన్నతో.

"ఏందీ?"

"ఉలి. పక్కోళ్ల పని రావల్లని ఆయమ్మ చెప్తాంది గదా. కాపరానికొచ్చిన కాడినుంచీ నీ దుమ్ము ఊడ్చడమే గాని ఒక దెబ్బన్నా కొట్టిస్తివా? సముద్రం దాటొచ్చినామెకు ఇచ్చినావు, నాకియ్యలేవా?"

జనం ఈల వేశారు. అన్న నావైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను. ఇంకొక ఉలి తీసి వదిన చేతిలో పెట్టాడు. వదిన కింద బాసిపట్లు వేసుకుని కూర్చుని, ఉలిని ఏటవాలుగా పెట్టి, నిమ్మళంగా, కూర తరిగినంత తేలిగ్గా కొట్టసాగింది. పెచ్చులు సన్నగా, వరసగా లేచాయి. ఇన్నేళ్లూ చూసిన చూపు ఊరికే పోలేదు. పక్కనున్న కమాండర్ తన పని ఆపి, వదిన మణికట్టు ఎట్లా తిరుగుతోందో చూసి, తన మణికట్టు అట్లాగే తిప్పడానికి ప్రయత్నించింది. ఇద్దరూ మాటలు లేకుండానే సాయంత్రం దాకా కొట్టారు. కమాండర్ ఒక గిన్నెలాంటిది చేసింది. వదిన చేప చేసింది. దానికి పొలుసులు కూడా వచ్చాయి.

బస్సు ఎక్కేటప్పుడు ఆ చేపను వదిన ఆమె సంచిలో వేసింది. ఆమె తన టోపీ తీసి వదిన తల మీద పెట్టింది.

ఆ మరుసటి వారం నేను ఆళ్లగడ్డ పోతే షెడ్డులో రెండు పీటలు వేసి ఉన్నాయి. అన్న అయ్యప్పస్వామి దగ్గర, వదిన ఒక చిన్న తాబేలు దగ్గర. టోపీ పెట్టుకుని ఉంది, దుమ్ము జుట్టులో పడదని.

"ఎట్ల చేస్తాంది అన్నా?" అని అన్న చెవి దగ్గర వంగి అడిగాను.

అన్న గ్రైండరు ఆపకుండానే గట్టిగా అరిచాడు. "నాకన్నా మిషను తక్కువ వాడతాది. కానీ మాట ఇనదు."

వదినకు అది వినపడింది. తల ఎత్తకుండానే, "మాట ఇనేది చిన్న ఓడల్లో నడుస్తాది, ఈడ షెడ్డు పెద్దది" అంది.

ఇప్పుడు షెడ్డు ముందు వరసలో ఆంజనేయస్వాముల పక్కన వదిన తాబేళ్లు, చేపలు, ఎండ్రకాయలు కూర్చుని ఉంటాయి. ఆళ్లగడ్డ మీదుగా పోయే యాత్రికులు బస్సు ఆపి కొనుక్కుంటున్నారు. మొన్న వదిన నన్ను పిలిచి, నీళ్ల అడుగున ఉండే జీవాల ఫోటోలు ఫోనులో వేసివ్వమంది. అష్టపాది బొమ్మ చూపిస్తే ఎనిమిది చేతులూ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

"దీని చేతుల్లో ఏమేముండాయప్పా?" అని అడిగింది.

"ఏమీ లేవు వదినా."

"మంచిది. పని తొందరగా అయిపోతాది" అంది.